వెళ్ళిరా అన్నవాడు

“మిలట్రీలో పాదిరీ ఏం చేస్తాడు బావగారూ, ఫిరంగులకి బాప్తిస్మం ఇస్తాడా?” అని మా బావమరిది నేను సెలవుకి వచ్చినప్పుడల్లా ఏడిపించేవాడు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత “ఆ, ట్యాంకుల్ని ముంచడానికి మన గోదావరి చాలట్లేదురా” అనడం నేర్చుకున్నాను. రిటైరై వచ్చేసి ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్నకి సరైన జవాబు నా దగ్గర లేదు. ఏం చేశావయ్యా అంటే, కూర్చున్నాను. జ్వరంతో ఉన్నవాడి మంచం పక్కన కూర్చున్నాను, ఇంటి నుంచి చెడ్డ కబురు వచ్చినవాడి పక్కన కూర్చున్నాను, ఏ కబురూ రానివాడి పక్కన కూడా కూర్చున్నాను. అంతే.

సైన్యంలో మాలాంటివాళ్ళని ధర్మగురువులంటారు. పండితుడు, సిక్కుల గ్రంథీ, మౌల్వీ, పాదిరీ. ఏ పటాలంలో ఏ మతం వాళ్ళు ఎక్కువుంటే ఆ గురువుని వేస్తారు. కొండల మీదికి పోయాక మాత్రం ఆ లెక్కలేవీ నిలవవు. ఒక్కడే ఉన్నచోట అందరికీ వాడే దిక్కు. ఒకే రేకుల షెడ్డులో ఓ పక్క దేవుడి పటాలు, ఓ పక్క సిలువ, మధ్యలో మిగతా వాళ్ళ గ్రంథాలు. ఆదివారం అందరూ బూట్లు విప్పి వరసగా కూర్చోవాలి. దాన్ని మందిర్ పరేడ్ అంటారు. అదీ డ్యూటీయే, ఎగ్గొట్టడానికి లేదు. నేనక్కడ హారతి పట్టాను. ఉపవాసం విడిచేవాళ్ళకి ఖర్జూరాలు పంచాను. మా తాత రాజోలు చేలల్లో కూలికి పోతూ క్రీస్తుని నమ్ముకున్నవాడు. మా నాన్న ఆ నమ్మకంతోనే చదువుకుని హెడ్మాస్టరైనవాడు. నేను హారతి పట్టానని చెప్తే ఆయన ముఖం మాడ్చుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి ఆయనే వచ్చి, “చలికి వణుకుతున్నవాడికి దుప్పటి కప్పేటప్పుడు నీదే మతమని అడుగుతామేంట్రా” అనేసి కాఫీ అడిగారు.

ఇంకా పైన, మంచులో, చిన్న చిన్న పోస్టులుంటాయి. అక్కడ మేమూ ఉండం. ఉన్న కొద్దిమందిలో ఎవడో ఒక జవాను మేకుకి తగిలించిన పటం ముందు రోజూ దీపం పెడతాడు. దారి తెరిచినప్పుడు మాలాంటివాళ్ళం వెళ్ళి చూసొస్తాం. దీపం పెట్టేవాడికి మంత్రాలు రావాలని రూలేం లేదు. అగ్గిపుల్ల గీయడం వస్తే చాలు. ఈ సంగతి ఇక్కడే ఎందుకు చెప్తున్నానంటే, నేను చెప్పబోయేదంతా దాని దగ్గరే మొదలైంది.

ఇప్పుడు మేముండేది రాజోలు దాటి, గోదావరి సముద్రంలో కలిసే వైపు. మా ఆవిడ గవర్నమెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. మా వీధిలోకి చేపలు తెచ్చే మనిషి ఒకావిడ ఉంది. ఏటిమొగ దగ్గర పల్లె వాళ్ళది. భర్తకి చిన్న ఇంజను బోటుంది. వేటకి వెళ్తే నాలుగైదు రోజులకి గానీ తిరిగి రాడు. కొడుకు మిలట్రీలో చేరాడు, ఒక్కడే కొడుకు. ఆ రోజు ఆవిడ మా గేటు దగ్గర బుట్ట దించి చేపలు చూపించలేదు. చెంగుతో మూతి తుడుచుకుని నిలబడింది.

“అయ్యగారండీ, మీరు మిలట్రీలో చేసేరు కదండీ. మావోణ్ణి ఒక్కసారి చూస్తారేంటండీ?”

“ఏమైందమ్మా?”

“ఒంటికేం కాలేదండి. సెలవు మీద వచ్చేడు. వచ్చిన కాణ్ణించీ ఉలుకూ పలుకూ లేదండి. ఫోను మోగితే ఎత్తడు. మొన్న ‘ఎప్పుడు బయల్దేరతావు నాన్నా’ అంటే ‘వెళ్ళను’ అన్నాడండి. ఆ ఒక్క ముక్కే మాటాడేడు.” కాస్త గొంతు తగ్గించింది. “ఇంకోటండి. వాళ్ళ నాన్న సంతకెళ్తంటే నేను ‘వెళ్ళిరా’ అన్నానండి, అలవాటు కదండీ. ఆ మాటకి కుర్రాడు ఎలా అయిపోయేడనుకున్నారూ! ఇంకెప్పుడూ ఆ మాట అనకమ్మా అని నా కాళ్ళు పట్టుకున్నాడండి. ఇదేం చోద్యమో నాకు తెలీటం లేదండి.”

నన్ను భయపెట్టింది వెళ్ళను అన్న ముక్క. సెలవు ముగిసిన రోజున హాజరు కాకపోతే గైర్హాజరు వేస్తారు. ఇంకా సాగితే పారిపోయినవాడి కింద లెక్కగడతారు. పోలీసులు ఇంటికొస్తారు. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, పల్లెలో తలెత్తుకోలేడు. ఇలాంటి కుర్రాళ్ళని చూశాను. తిరిగి వెళ్ళినవాళ్ళు ఏదో ఒకలా బతికారు. వెళ్ళనివాళ్ళు ఇంట్లోనే ఉండి తప్పిపోయారు.

“సాయంత్రం వస్తానమ్మా” అన్నాను.

“ఆయ్” అని బుట్ట ఎత్తుకుంది. ఆ రోజు మాకు చేపలు ఇవ్వడమే మర్చిపోయింది.

పాతికేళ్ళు కూడా నిండని కుర్రాడు. అరుగు మీద కూర్చుని వాళ్ళ నాన్న వల బాగుచేస్తున్నాడు. నన్ను చూడగానే లేచి నిటారుగా నిలబడి “రామ్ రామ్ సాబ్” అన్నాడు. ఎవరో చెప్పినట్టున్నారు నేనెవరో. నేనూ “రామ్ రామ్” అన్నాను. మా చర్చి సంఘంలో ఎవరైనా వింటే ఏమనుకునేవారో గానీ, పటాలంలో పలకరింపు అదే.

పక్కన కూర్చున్నాను. నాకు అలవాటైన ఉపన్యాసం మొదలెట్టాను. భయం అందరికీ ఉంటుంది, ఎంతటి సుబేదారైనా దుప్పటి కింద ఏడుస్తాడు, పోయినవాళ్ళ గురించి బాధపడ్డం తప్పు కాదు, ఇలా. ఎన్ని పోస్టుల్లో ఎంతమందికి చెప్పానో ఆ మాటలు. వాడు “జీ సాబ్, జీ సాబ్” అంటూ వల కన్నాల్లో నుంచి దారం లాగుతూనే ఉన్నాడు. ఒక్క మాటా లోపలికి వెళ్ళలేదని నాకు తెలుస్తూనే ఉంది. మధ్యలో అరుగు మీద ఫోను మోగింది. చూశాడు. బోర్లా తిప్పి పెట్టాడు.

“ఎత్తవేం?”

“తెలీని నెంబరండి.”

“రోజూ ఇదే నెంబరండీ” అంది లోపల్నుంచి వాళ్ళమ్మ.

వాడు తలెత్తి ఆవిడ వైపు చూసిన చూపుకి నాకు చిరాకేసింది. తల్లి మీద అలా కళ్ళెర్రజేస్తే నాకు గిట్టదు. “ఏంట్రా ఆ చూపు? ఇదేమన్నా మీ బ్యారక్కా?” అని అరిచాను. అరిచాక గానీ తెలియలేదు, అది కోపం చూపు కాదు, బెదురు చూపని.

మర్నాడు తెల్లారి వాళ్ళ నాన్న బోటు వేటకెళ్తుంటే నేనూ రేవుకి వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. కుర్రాడు వస్తాడని, ఏదో మాట దొరుకుతుందని నా ఆశ. వచ్చాడు కూడా. ఐసు పెట్టెలు బోటులోకి ఎక్కించాడు, డీజిలు డబ్బాలు అందించాడు. ఆ పనిలో వాడి చేతులు చూస్తే అసలు ఏ జబ్బూ లేనివాడిలానే ఉన్నాడు.

ఆ పల్లెలో బోటు కదిలే ముందు ఒక పద్ధతుంది. ఇంటి ఆడమనిషి బోటు ముక్కు మీద పసుపు నీళ్ళు పోస్తుంది. పోస్తూ, “గంగమ్మ తల్లీ, నీ ఒళ్ళో పెడతన్నాం. చల్లగా తీసుకెళ్ళు, చల్లగా ఒడ్డుకి తీసుకురా” అంటుంది. ఒడ్డున ఉన్నవాళ్ళందరూ ఆ మాటలు ఆవిడ వెనకే అంటారు. చివర అందరూ కలిపి గట్టిగా “వెళ్ళిరా” అంటారు. అప్పుడు గానీ ఇంజను ముట్టించరు. అది మంత్రం కాదు, పాటా కాదు. పసిపిల్లలకి కూడా వచ్చు.

వాళ్ళమ్మ చెంబు ఎత్తగానే కుర్రాడు చేతిలో తాడు వదిలేసి గబగబా వెనక్కి నడిచాడు. ఐసు షెడ్డు వెనక గోడకి ఆనుకుని రెండు చెవులూ మూసుకున్నాడు. ఇటు జనమంతా “వెళ్ళిరా” అన్నారు. నేను వాడి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఈసారి నోరు తెరవలేదు. బోటు చప్పుడు దూరమయ్యాక వాడే చేతులు దించాడు.

“నేను ఆ మాట అనేశాను సాబ్” అన్నాడు.

“ఏ మాట?”

“ఇదే. ఇప్పుడన్నారే. మా వాడితో అనేశాను. పోయినాక.”

అక్కడే ఇసుకలో కూర్చుని చెప్పాడు. వాడికో స్నేహితుడు. ఎక్కడో ఉత్తరాన కొండల్లో ఊరు. ఇద్దరూ ఒకే గుడారం, ఒకే స్టవ్వు. వీడికి ఎండు మెత్తళ్ళ చేపలు ఇంటి నుంచి వస్తే వాసనకి మొదట్లో ముక్కు మూసుకుని, తర్వాత వీడికన్నా ముందు డబ్బా మూత తీసేవాడట. వీడియో కాల్‌లో వీళ్ళమ్మని తనూ అమ్మా అనేవాడట. ఆ ఎత్తులో ఒక రాత్రి వాడికి ఊపిరాడలేదు. ఛాతీలో నీరు చేరింది. కిందికి దించడానికి మంచు తుఫాను ఒప్పుకోలేదు, హెలికాప్టరు లేవలేదు. పోయాడు. తుఫాను తగ్గేదాకా శవం వాళ్ళ దగ్గరే ఉంది.

“హెలికాప్టరు వస్తందని కబురొచ్చేక మా పోస్టు కమాండరు సాబు అందర్నీ నిలబెట్టేరండి. రోజూ దీపం పెట్టేది నేనే కదండీ. ‘నువ్వు చెప్పు, ఏదో ఒకటి చెప్పి పంపుదాం వాణ్ణి’ అన్నారు. నాకేం వచ్చండీ? రోజూ హారతి పాట ఫోనులో పెట్టి గొంతు కలిపేవాళ్ళం. చలికి ఫోన్లన్నీ చచ్చిపోయేయి. అందరూ నా వంకే చూస్తన్నారు. నోట్లోకి ఇంకేం రాలేదు సాబ్. మా అమ్మ అనేది వచ్చింది. నేనన్నాను, వాళ్ళందరూ నా వెనకే అన్నారు. పంజాబోడు, మరాఠీవోడు, అందరూ. తెలుగు రాకపోయినా అన్నారండి. చివర గట్టిగా ‘వెళ్ళిరా’ అన్నాం. హెలికాప్టరు లేచిపోయింది. అప్పుడండి, అప్పుడు తట్టింది. చచ్చిపోయినోడితో ఎవరన్నా వెళ్ళిరా అంటారా?”

మన దగ్గర ఆ పద్ధతి తెలియనిదెవరికి? ఇంట్లోంచి కదిలే మనిషి వెళ్తాను అనడు, వెళ్ళొస్తానంటాడు. చావు ఇంటి నుంచి మాత్రం ఎవరూ ఆ మాట అనకుండా, చెప్పకుండా లేచి వచ్చేస్తారు. ఇక పోయినవాడినే రమ్మనడం అంటే, పల్లెలో పెద్దవాళ్ళెవరైనా వింటే చెంపలేసుకుంటారు.

“వస్తన్నాడు సాబ్” అన్నాడు వాడు. “కలలోకి వస్తన్నాడు. గుడారం బయట నిలబడతాడు, లోపలికి రాడు. నేను రమ్మన్నాను కదా, వచ్చేడు. వాణ్ణి వెళ్ళనీకుండా, రానీకుండా మధ్యలో ఆపేశాను. ఆ నెంబరు వాళ్ళ నాన్నగారిది. కమాండరు సాబు చెప్పేసుంటారు నేనేం చేసేనో. ఆయనకి నేనేం చెప్పను? మళ్ళీ అక్కడికెళ్ళి ఆ దీపం ఎలా పెట్టను?”

అప్పుడు నేనొక తెలివైన మాట అన్నాను. నిజంగానే అది తెలివైనదనుకున్నాను. “ఒరే అబ్బాయ్, శవాన్ని ఇంటికి పంపారు కదా. అక్కడ వాళ్ళ పురోహితుడు శాస్త్రోక్తంగా అన్నీ చేయించే ఉంటాడు. అసలు కర్మ అదీ. కొండ మీద నువ్వన్నది దేని లెక్కలోకీ రాదు. అది ఏమీ కాదు. వదిలేసెయ్.”

వాడు నా వైపు చూశాడు. ఊరట పడతాడనుకున్న ముఖం తెల్లగా పాలిపోయింది.

“ఏమీ కాదాండీ?” అన్నాడు. “నేను వాడికిచ్చింది ఏమీ కాదా?”

లేచి ఇసుక దులుపుకుని వెళ్ళిపోయాడు. రామ్ రామ్ కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్తే, చేస్తున్న పని ఆపి నా వైపు తిరిగింది. “పోనీ తప్పు చేశావురా అన్నా బాగుండేది కదండీ” అంది. “తప్పు అంటే కనీసం వాడు చేసింది ఒకటుంటుంది. మీరు ఉన్నదాన్ని కూడా చెరిపేసొచ్చేరు. ఇన్నేళ్ళు మందిర్ పరేడ్ చేయించింది ఇందుకాండీ?” నాకు ఉక్రోషం వచ్చింది. “నువ్వయితే ఏం చెప్పేదానివి?” అన్నాను. “నేనా? నేను నర్సునండి, చెప్పను. ఎవరు ఏడుస్తన్నారో వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తాను” అని మళ్ళీ తన పనిలో పడింది.

చాలాసేపు ఆలోచించాను. వాడితో పాటు ఏడుస్తున్నవాళ్ళెవరు? ఆ ఫోను చేసేవాళ్ళే. ఎందుకు చేస్తున్నారు? నిందించడానికి ఏ తండ్రయినా రోజూ చేస్తాడా? ఒకసారి చేస్తాడు, తిట్టాలనుకుంటే. లేదా అసలు చెయ్యడు. ఇది ఇంకేదో.

వాడి యూనిట్లో ఇప్పుడున్న పండిట్ గారిని పట్టుకోవడం పెద్ద కష్టం కాలేదు. ధర్మగురువులం ఒకరినొకరం ఎలాగో వెతుక్కుంటాం. నేనెవరో చెప్పుకుని అడిగాను. ఆయన హిందీలో గడగడా చెప్పాడు. “పాదిరీ సాబ్, ఆ పోయిన జవాను అమ్మానాన్నలు చాలా రోజుల నుంచి అడుగుతున్నారు, మా వాడి కోసం ప్రార్థన చేసిందెవరని. నంబరిచ్చాను. ఆ కుర్రాడు ఎత్తట్లేదట. ఆ తల్లి మాట్లాడాలంటోంది.” ఎందుకని అడిగాను. “అది నాకూ చెప్పలేదు” అన్నాడు.

మరుసటి సాయంత్రం మళ్ళీ వాళ్ళ అరుగెక్కాను. కుర్రాడు లేచి నిలబడ్డాడు గానీ ముఖం చూడలేదు.

“నిన్న నేనన్నది తప్పు” అన్నాను. “ఏమీ కాదన్నానే, అది. నాకు తెలీకుండా అన్నాను. తెలిసినవాళ్ళని అడుగుదాం.”

“ఎవర్నండీ?”

“ఆ ఫోను మోగితే ఎత్తు. నేను పక్కనే ఉంటాను. తిడితే ఇద్దరం తిందాం.”

వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడింది. ఆవిడకి అప్పటికీ ఏమీ తెలియదు. ఎత్తమన్నందుకే ఆవిడ ముఖంలో వెలుగొచ్చింది. రోజూ వచ్చే వేళకి ఫోను మోగింది. వాడు కదల్లేదు. రెండోసారి మోగింది. “ఎత్తు నాన్నా, ఎవరో పాపం” అంది వాళ్ళమ్మ. వాడు ఎత్తి స్పీకరు పెట్టాడు.

అవతల మగగొంతు. “బేటా, నువ్వేనా?” అని అడిగి, అవునన్నాక ఇంకేం మాట్లాడలేక ఫోను ఎవరికో ఇచ్చేశాడు. ఆడగొంతు వచ్చింది. ఆవిడ హిందీలో కొండయాస ఉంది. నెమ్మదిగానే మాట్లాడింది.

“నువ్వు మా వాడికి ఏదో చెప్పి పంపావట. మీ భాషలో. అందరూ నీతో కలిసి అన్నారట. ఏం చెప్పావు బేటా?”

కుర్రాడు నా వైపు చూశాడు. నేను చెప్పేద్దామనుకుని ఆగాను. ఇది నేను చెప్పాల్సింది కాదు. భుజం మీద చెయ్యి వేశాను. వాడు హిందీలో ఒక్కొక్క మాటే చెప్పాడు. తల్లీ, నీ ఒడిలో పెడుతున్నాం. చల్లగా తీసుకెళ్ళు. చల్లగా ఒడ్డుకి తీసుకురా. వెళ్ళిరా. ఆ చివరిమాట చెప్పి, “క్షమించమ్మా, నాకింకేం రాలేదు. పోయినవాళ్ళతో అలా అనకూడదు. తెలియక అనేశాను” అని ఏడ్చేశాడు.

అవతల్నుంచి ఆవిడ ఏడుపు వినబడింది.

“నేను ఆ మాటే అనాలనుకున్నాను బేటా” అంది. “మా దగ్గర ఆడవాళ్ళని శ్మశానానికి రానివ్వరు. వాకిట్లోంచే వాణ్ణి తీసుకెళ్ళిపోయారు. పూలు, జెండా, సెల్యూట్లు, ఎంతమందో జనం. నన్ను వాడి దగ్గరికి సరిగ్గా పోనివ్వనే లేదు. సెలవు అయిపోయి వెళ్ళే ప్రతిసారీ గడప దాకా వచ్చి, వెళ్ళిరా అనేదాన్ని. ఈసారి నేను చెప్పకుండానే వెళ్ళిపోయాడనుకున్నాను. నువ్వు చెప్పావా? గట్టిగా చెప్పారా?”

“గట్టిగా చెప్పామమ్మా. అందరం.”

“మంచిపని చేశావు” అంది. “నాకు కలలోకి కూడా రావట్లేదు వాడు.”

కుర్రాడు నా వైపు చూడకుండా, చాలా చిన్నగా అన్నాడు. “నాకు వస్తున్నాడమ్మా.”

“వస్తున్నాడా?” ఆ గొంతు ఒక్కసారి మారిపోయింది. సంతోషమో ఆత్రమో నాకు తెలియదు. అలాంటి గొంతు నా ఉద్యోగమంతా ఎక్కడా వినలేదు. “ఎలా ఉన్నాడు? చలికి వణుకుతున్నాడా? తల మీద టోపీ ఉందా? నేను అల్లిన టోపీ?”

“ఉందమ్మా” అన్నాడు కుర్రాడు. “టోపీ ఉంది. వణకట్లేదు. ఊరికే నిలబడతాడు.”

“ఈసారి వస్తే లోపలికి రమ్మను. కూర్చోమను. భయపడకు వాడంటే. నా కొడుకు.”

గుమ్మంలో వాళ్ళమ్మ ఒక్క ముక్క హిందీ తెలియకుండానే చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. సిగ్గేముంది? అప్పటికి నాకు వెలిగింది. మా వాళ్ళ సమాధుల దగ్గర నిలబడి నేను ఇన్నేళ్ళూ చదివిందేంటి? పోయినవాడు తిరిగి లేస్తాడనే కదా. వెళ్ళిరా అనే కదా. గౌను వేసుకుని, పుస్తకం పట్టుకుని అదే మాట నేనంటే ఉద్యోగం, పసుపు నీళ్ళ మాట వాడంటే ఏమీ కాదా? ఎంత తేలిగ్గా అనేశాను!

పెట్టేసే ముందు ఆవిడ ఇంకొకటి అడిగింది. “ఆ చివరిమాట మీ భాషలో ఎలా అన్నావు? అలాగే చెప్పు. మెల్లిగా చెప్పు. నా బిడ్డ చెవిలో పడ్డ ఆఖరి మాట నాకు రావాలి.”

వాడు చెప్పాడు. ఆవిడ తప్పుగా పలికింది. వాడు మళ్ళీ చెప్పాడు. ఆవిడ మళ్ళీ పలికింది. చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు అలా కొంతసేపు నడిచింది.

ఫోను పెట్టేశాక కుర్రాడు జరిగిందంతా తల్లికి తెలుగులో చెప్పాడు. నేను అనుకున్నట్టు ఆవిడ చెంపలేసుకోలేదు. కొడుకు తల దగ్గరికి లాక్కుని, “ఆ బాబు నన్నూ అమ్మా అన్నోడే కదా. ఆడికి నా మాటే దక్కింది” అంది. ఆ మర్నాడు పొద్దున్నే మెత్తళ్ళు కొత్తగా ఎండబెట్టడం మొదలుపెట్టింది. మా గేటు దగ్గర బుట్ట దించినప్పుడు దేనికమ్మా అంటే, “ఆ తల్లికండి. మావోడు వెళ్ళేటప్పుడు దారిలో వాళ్ళ ఊళ్ళో దిగుతానన్నాడండి. కొడుకు తిన్న చేప ఎలాగుంటదో ఆవిడా చూడద్దేంటండీ” అంది. అలా దిగాలంటే సెలవు అయిపోయే దాకా ఆగడానికి లేదు, ముందే కదలాలి. వెళ్ళనన్నవాడు ముందే బయల్దేరుతున్నాడు. మా ఆవిడ నా వంక చూసి కనుబొమ్మలెగరేసింది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

బయల్దేరే రోజు రాజోలు బస్టాండుకి నేనూ వెళ్ళాను. పటాలం పెట్టె, దాని మీద గుడ్డలో చుట్టిన ఎండుచేపల డబ్బా. బస్సులో సగంమంది అప్పటికే ముక్కులు మూసుకున్నారు. “ఏం బాబూ, బోటు ఎక్కించేసేవా బస్సులో?” అన్నాడు కండక్టరు. కుర్రాడు నవ్వాడు. వాడు నవ్వగా చూడ్డం నాకదే మొదలు.

వాళ్ళమ్మ పక్కనే నిలబడి ఉంది గానీ నోరు మెదపట్లేదు. అనద్దన్నాడు కదా, కాళ్ళు పట్టుకుని మరీ. ఆ మాట లేకుండా బిడ్డని సాగనంపడం ఆవిడకి ఎంత కష్టమో ఆ మూసిన పెదాల్లోనే కనబడుతోంది. డ్రైవరు హారను కొట్టాడు. కుర్రాడు మెట్టెక్కాడు. ఎక్కినవాడు మళ్ళీ దిగాడు. వంగి తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టి, “వెళ్ళొస్తానమ్మా” అన్నాడు.

“వెళ్ళిరా నాన్నా” అంది ఆవిడ. బస్టాండంతా తిరిగి చూసేంత గట్టిగా అంది.

తర్వాత కొన్నాళ్ళకి నాకు ఫోనొచ్చింది. వాడే. గాలి హోరులో మాట సరిగ్గా వినబడట్లేదు.

“సాబ్, వాళ్ళింట్లో రెండు రోజులున్నానండి. ఇప్పుడే బయల్దేరేను. కొండ దిగుతన్నాను.”

“ఎలా ఉన్నార్రా వాళ్ళు?”

“బాగానే ఉన్నారండి. వాడి నాన్నగారు నన్ను వదల్లేదండి, తోటంతా తిప్పేరు. మెత్తళ్ళు ఆవిడకి పడలేదండి, అయినా తిన్నారు.” ఊపిరి పీల్చుకున్నాడు. “వచ్చేసేటప్పుడు ఆవిడ గడప దాకా వచ్చేరు సాబ్. తెలుగులో అన్నారండి.”

“ఏమన్నారు?” అన్నాను. నాకు తెలుసు, అయినా అడిగాను.

“వెళ్ళిరా అన్నారండి. తప్పు లేకుండా పలికేరు. వాడి ఫోటో దగ్గర రోజూ అనుకుంటన్నారంట.”

“నువ్వేమన్నావు?”

“వెళ్ళొస్తానమ్మా అన్నానండి” అన్నాడు.